తుంటి ఎముక ఎవరికిచ్చారు?

"ఆ గీత దాటకండి, సాదత్ అక్కా. దాటారంటే మీ మీద కూడా కేసు రాయాల్సొస్తుంది."

స్టేజీ మీద సుద్దతో గీసిన గీతను బూటు కొనతో చూపిస్తూ అన్నాడు కెప్టెన్ ఉలార్‌బెక్. నేను గీత దాటి ఊయల దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

అతను పళ్లు నూరాడు గాని చెయ్యి పట్టి లాగలేకపోయాడు. వయసులో పెద్దదాన్ని, అందులోనూ భర్త పోయినదాన్ని పదిమందిలో చెయ్యి పట్టి లాగిన మగాడు మా ఊరి బజార్లో మళ్లీ తలెత్తుకు తిరగలేడు. ఆ సంగతి తెలుసు కాబట్టే గీత దాటాను. పైగా నేరం జరిగిన చోట గీత గీయాలని అతనికి నేర్పింది నేనే. అప్పుడు నేను ఇన్‌స్పెక్టర్ని, అతను నా వెనకాల టార్చిలైటు పట్టుకు తిరిగేవాడు. ఇప్పుడు నేను తప్పిపోయిన గుర్రాలనీ, ఇల్లు విడిచిపోయిన మొగుళ్లనీ వెతికిపెట్టే ప్రైవేటు డిటెక్టివ్‌ని. అతను జిల్లా నేర విభాగానికి పెద్ద.

"ఎవరి తరఫున వచ్చారు?" అన్నాడు.

"తోక్తోబుబు తరఫున."

"నిందితురాలి అత్తగారా!" ఫక్కున నవ్వాడు. "కోడలు పాట అందుకుంటే చెవుల్లో దూది పెట్టుకునే మనిషేగా?"

"ఆ మనిషే."

నిన్న సాయంత్రం ఈ సాంస్కృతిక భవనంలో మా ఊరి ఔత్సాహిక నాటక బృందం 'ఏటి అవతలి పిల్ల' అనే సంగీత నాటకానికి ఆఖరి రిహార్సల్ వేసింది. కరెంటు మేస్త్రీలు, టీచర్లు, నర్సులు పగలు ఉద్యోగాలు చేసుకుని సాయంత్రాలు పాటలు కట్టే బృందం అది. రేపు రాష్ట్ర స్థాయి పోటీ. రెండో అంకంలో కథానాయిక ఊయల ఊగుతూ పాడాలి. మందుల షాపు నాజిక్ పాడుతోంది. పాట మధ్యలో తాడు తెగింది. వాద్యగాళ్లు కూర్చునే గోతిలోకి పడి తుంటి, మెడ దగ్గరి ఎముక విరగ్గొట్టుకుంది. మళ్లీ నడుస్తుందో లేదో డాక్టర్లు చెప్పడం లేదు. తాడును కత్తితో కోశారని గుడ్డివాడికైనా తెలుస్తుంది.

నాజిక్ పాడలేకపోతే ఆ పాటలన్నీ నోటికి వచ్చిన మనిషి బృందంలో ఇంకొక్కతే ఉంది. ఐజిరెక్. వసంతంలో పెళ్లయి వచ్చిన కొత్త కోడలు. పొద్దుట్నుంచి ఆ పిల్లను దుస్తుల గదిలో కూర్చోబెట్టారు. సాయంత్రం బండి వస్తే రాష్ట్ర కేంద్రంలోని జైలుకి తీసుకుపోతారు.

తోక్తోబుబు తెల్లారగానే మా గుమ్మంలో నిలబడి చెప్పిన మాట నా చెవుల్లో ఇంకా గింగురుమంటోంది. "స్టేజీ ఎక్కొద్దని నెత్తీనోరూ బాదుకున్నా సాదత్, వినలేదు. దాని పాటంటే నాకు ఒళ్లుమంట. కానీ కత్తి పట్టే పిల్ల కాదది, కోడిని కొయ్యమంటేనే కళ్లు మూసుకుంటుంది. చీకటి పడేలోగా దాన్ని నా ఇంటికి తీసుకురా. ఒక్కసారి జైలు గడప తొక్కిందో, మా వాళ్లు ఇక గుమ్మం ఎక్కనివ్వరు. పుట్టింటికి తోలేస్తారు. అప్పుడు నా మాట కూడా చెల్లదు."

"చెప్పు, ఆ పిల్లే అని ఎలా తేల్చావు?" అన్నాను ఉలార్‌బెక్‌తో.

"రిహార్సల్‌కి ముందు గొర్రెని కోసి విందు చేసుకున్నారుగా, అది అయ్యాక తాళ్లు చూసే సాగిన్ అన్న ఇసుక బస్తాలు ఎక్కించి ఊయల పరీక్షించాడు. తాడు నిక్షేపంగా ఉంది. ఆ తర్వాత స్టేజీ మీద ఒంటరిగా ఉన్నది ఐజిరెక్ ఒక్కతే. నాటకంలో వాడే శాలువా ఊయల మీద పెట్టడానికి వచ్చానని తనే ఒప్పుకుంది. ఇంకా కావాలంటే ఇటు చూడండి."

తెరచాటు నుంచి ఊయల దాకా చెక్క మీద తెల్లటి చుక్కలున్నాయి. వేలితో గీకి వాసన చూశాను. గొర్రె కొవ్వు. మాంసం ఉడికించిన షోర్వా ఒలికి చల్లారి గడ్డకట్టింది.

"విందులో షోర్వా వడ్డించింది ఆ పిల్లే. చేతులకి అంటుకున్న కొవ్వు ఇక్కడ కారింది" అన్నాడు.

"తాడుకి కొవ్వు ఉందా?"

"లేదు. చేతులు తుడుచుకుని ఉంటుంది."

"చేతులు తుడుచుకున్నాక కూడా కారిందా? ఏం చేతులయ్యా అవి, గొర్రె తోకలా?"

వెనక నిలబడ్డ కానిస్టేబుల్ దగ్గినట్టు నటించాడు. నేను మోకాళ్ల మీద కూర్చుని చుక్కల వెంట పాకాను. ఊయల దాకా ఒకే వరస. ఊయల దగ్గర మాత్రం కొంచెం పెద్ద మరక. అక్కణ్నుంచి మళ్లీ చుక్కలు మొదలై వచ్చిన దారినే తెరచాటుకి వెళ్లాయి. గిన్నె కింద పెట్టిన గుండ్రటి అచ్చు ఎక్కడా లేదు.

"ఇది చేతుల్లోంచి కారింది కాదు, గిన్నెలోంచి ఒలికింది. నిండు గిన్నె రెండు చేతులా పట్టుకుని వచ్చింది, ఇక్కడ కాసేపు నిలబడింది, కింద పెట్టకుండా నిండు గిన్నెతోనే వెనక్కి పోయింది. మరి తాడు ఏ చేత్తో కోసింది, కెప్టెన్?"

అతను వంగి చుక్కల వంక చూశాడు. "గిన్నె ఎవరికైనా ఇచ్చి ఉండొచ్చు" అన్నాడు చివరికి.

"అంటే ఇక్కడ ఇంకొకరు ఉన్నట్టేగా?"

"ఎవరుంటారండీ? విందు మొదలైనప్పట్నుంచి నాటకం దాకా అందరూ ఒకచోటే ఉన్నారు. ఒకరికొకరు సాక్ష్యం. మీ మామగారితో సహా!"

మా మామగారే ఈ నాటకానికి దర్శకుడు. నలభై ఏళ్లుగా ఈ బృందానికి పెద్దదిక్కు. పొద్దుట్నుంచి కిందనున్న హాల్లో, మూడో వరసలో తన కుర్చీలో, టోపీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. నాజిక్ కోసం కుమిలిపోతున్నారని ఎవరూ ఆయన్ని కదిలించడం లేదు. స్టేజీ మీద నుంచి నాకు ఆయన తెల్లటి తల కనిపిస్తూనే ఉంది.

తాడు చూశాను. కూర్చునే పలకకి కాస్త పైన, చేతులు ఒరుసుకుపోకుండా చుట్టిన కంబళి ముక్క కింద సగం దాకా కత్తి దిగింది. మిగతా సగం పీచులు పీచులుగా తెగింది. చంపాలనుకున్నవాడు సగం కోసి వదిలేస్తాడా? సగం కోస్తే ఎప్పుడు తెగుతుందో ఎవరికి తెలుసు?

పక్కనే గోడ వారగా ఇసుక బస్తాలున్నాయి. నాజిక్ బక్కపలచటి మనిషి. రెండు బస్తాలు కలిపితే ఆమె కన్నా చాలా బరువు. వాటి మీద నిన్న మధ్యాహ్నం కోసిన గొర్రె తోలు పరిచి ఉంది. ఆ మూల చల్లగా ఉంటుందని ఉప్పు చల్లి అక్కడ ఆరేశారు. ఉప్పు పొర బిగుసుకుపోయి, ఎక్కడా చిట్లకుండా ఉంది. తోలు ఎత్తకుండా బస్తా ఎత్తడం ఎవరి తరమూ కాదు.

అంటే ఆ బస్తాలను నిన్న మధ్యాహ్నం నుంచి ఎవరూ ముట్టుకోలేదు. సాగిన్ అబద్ధం చెప్పాడు.

ఈ ముక్క నేను ఉలార్‌బెక్‌కి చెప్పలేదు. అతనికి చెబితే సాగిన్‌ని కూడా కటకటాల్లో వేసి, ఇద్దరూ కలిసే చేశారంటాడు.

"బండి డీజిల్ పోయించుకుని వచ్చేదాకా మీ ఇష్టం. ఆ తర్వాత నా ఇష్టం" అన్నాడతను గడియారం చూసుకుంటూ.

ఐజిరెక్ దుస్తుల గదిలో బల్ల అంచున కూర్చుని ఉంది. తల మీద తెల్లటి రుమాలు, ఒళ్లో చేతులు. నన్ను చూడగానే లేచి నిలబడింది.

"షోర్వా ఎవరికి తీసుకెళ్లావమ్మా?"

ఆ పిల్ల నా మొహంలోకి చూసి వెంటనే కళ్లు దించుకుంది. "ఎవరికీ లేదక్కా."

"ఊయలకి పోద్దామని తీసుకెళ్లావా?"

బల్ల అంచుని గోటితో గీకింది.

"చూడు తల్లీ, ఒకరికి ఇవ్వబోయావు. వాళ్లు తీసుకోలేదు. వాళ్ల చేతిలో కత్తి ఉంది. అవునా?"

"నన్నడక్కండక్కా." రుమాలు మొహం మీదికి లాక్కుంది. "ఇంకెవరన్నా అడిగితే చెప్పేదాన్నేమో. మీరు మాత్రం అడక్కండి."

పాతికేళ్లు దర్యాప్తులు చేసినదాన్ని. ఆ మాట విన్న క్షణంలోనే నాకు అర్థం కావాల్సింది. కాలేదని చెప్పను, అర్థం చేసుకోవడం ఇష్టం లేకపోయింది. భయపడుతోందని సర్దిచెప్పుకుని బయటికొచ్చాను. ఇప్పుడు తలుచుకుంటే నా మొహం అద్దంలో చూసుకోబుద్ధి కాదు.

సాగిన్ భోజనాల గదిలో దొరికాడు. బృందానికి లైట్లూ తాళ్లూ చూసే కరెంటు మేస్త్రీ అతను. పక్కన అకార్డియన్ వాయించే తెమిర్‌కాన్ మాస్టారు. భూగోళం చెప్పి రిటైరయ్యారు. ఇద్దరి ముందూ తేనీటి గిన్నెలు చల్లారిపోయి ఉన్నాయి.

నేను బస్తాల ఊసెత్తలేదు. కూర్చుని నాకూ టీ పోసుకున్నాను.

"నిన్న గొర్రె బలిసినదేనా మాస్టారూ?"

"ఆ... పర్లేదమ్మా. కొండ మీద మేసినదే."

"నాటకం చల్లగా సాగాలని కోసిన గొర్రె. దాని మీద ఏం దిష్టి పడిందో! సాగిన్ అన్నా, నీ వంతుకి ఏ ఎముక వచ్చింది?"

"తుంటి ఎముక!" అన్నాడు సాగిన్, ఛాతీ విరుచుకుని. అన్నాక నాలుక కరుచుకున్నాడు.

మాస్టారి చేతిలో గిన్నె సగంలో ఆగిపోయింది.

మా దగ్గర మాంసం ఎవరికి తోచినట్టు వాళ్లు పంచరు. ఏ ఎముక ఎవరికి వెళ్లాలో వయసు బట్టి, గౌరవం బట్టి ఉంటుంది. తుంటి ఎముక గదిలో అందరికన్నా పెద్దవాళ్లకి. ఎవరికి ఏది వచ్చిందో పెళ్లి తేదీ మరిచిపోయిన మగాడికైనా గుర్తుంటుంది.

"మంచిదే. మరి మీకు, మాస్టారూ?"

ఆయన నీళ్లు నమిలారు. "అది... నాకూ..."

"మీకూ తుంటేనా?"

"ఊఁ."

"గొర్రెకి తుంటి ఎముకలు ఎన్నుంటాయి సాగిన్ అన్నా? రెండేగా? ఒకటి మాస్టారికి, ఒకటి నీకు. మరి మీ ఇద్దరికన్నా పెద్దాయన మా మామగారు. ఆయనకేం వడ్డించారు? పిల్లలకిచ్చే చెవా?"

ఇద్దరూ తలలు దించుకున్నారు. సాగిన్ చెవులు ఎర్రగా కందిపోయాయి. నేనింకా నవ్వుతూనే ఉన్నాను. 

"చెప్పండి మాస్టారూ."

"ఆయన లేడమ్మా" అన్నారు తెమిర్‌కాన్, బల్లతో చెబుతున్నట్టు. "విందుకి రాలేదు. తలుపు దగ్గర నిలబడి 'మీరు కానివ్వండి' అని వెళ్లిపోయాడు. చాలాసేపు చూశాం. షోర్వా చల్లారిపోతోంది, పాడేవాళ్ల గొంతులు పాడవుతాయన్నారు. ఇక..."

"ఇక పంచేసుకున్నారు."

"పంచేసుకున్నాం."

"అందరికన్నా పెద్దవాళ్లు ఇవ్వాల్సిన దీవెన ఎవరిచ్చారు?"

మాస్టారు రెండు చేతుల్తో మొహం కప్పుకున్నారు. "నేనే. పెద్దాయన అదే కప్పు కింద ఉండగా నేను చేతులెత్తి దీవెన ఇచ్చాను. బుద్ధి లేక. ఈ మాట పోలీసుకి ఏ నోటితో చెప్పమంటావు సాదత్? పెద్దాయన్ని వదిలేసి బలిమాంసం తిన్నారు, అందుకే పిల్ల పడిందని ఊరంతా మా మొహాన ఉమ్మెయ్యదూ? అందుకే అందరం అనుకుని, ఆయనా ఉన్నాడని చెప్పాం."

"ఊరు ఉమ్మేస్తుందని ఒక ఆడపిల్లని జైలుకి పంపుతారా?"

"పంపేదాకా వస్తుందనుకోలేదమ్మా!" సాగిన్ గబగబా అన్నాడు. "ఆ పిల్ల వంటింట్లో ఉంది, మధ్యలో గిన్నె పట్టుకుని ఎటో వెళ్లింది, అంతే చెప్పాం. పైగా వచ్చి అడుగుతోంది నువ్వు. ఆయన కోడలివి. నీ మామ విందు కాలదన్నాడని నీ మొహమ్మీద ఎలా చెప్పగలం?"

"ఎందుకు కాలదన్నారు?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూలనున్న సంచీలోంచి సాగిన్ ఒక కొత్త చపాన్ తీశాడు. వెల్వెట్ అంగీ, అంచుల వెంట బంగారు జలతారు. విందులో ఆయన భుజాల మీద కప్పుదామని కుట్టించారు. రేపటి పోటీ తర్వాత నాటకాలు కొత్త దర్శకుడికి అప్పగించాలని భవనం అధికారి నిర్ణయం. చపాన్ కప్పితే అది సన్మానమే. ఇక ఇంట్లో కూర్చోమని చెప్పడం కూడా. ఆ సంగతి ఊళ్లో దాగుతుందా? ఆయన చెవిన పడనే పడింది.

"సరే. ఇప్పుడు బస్తాల సంగతి చెప్పు" అన్నాను సాగిన్‌తో. "తోలు మీద ఉప్పు చిట్లలేదు. నువ్వు బస్తాలు ఎత్తలేదు."

సాగిన్ ఏడుపు మొహం పెట్టాడు. "ఊయల ఎక్కే ముందు బస్తాలతో చూడాలన్నది ఆయన పెట్టిన నియమమే. నలభై ఏళ్లలో ఒక్కసారీ తప్పలేదు. నిన్నే తప్పింది. విందయ్యాక హాల్లోకి వస్తే ఆయన అప్పటికే కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎవరివంకా చూడడే! ఆయన్ని వదిలి తిన్నామన్న సిగ్గుతో మాకు కాళ్లాడలేదు. ఇంకా ఆలస్యం చేసి కోపం తెప్పించకూడదని సరాసరి నాటకం మొదలెట్టేశాం."

నాకు అంతా విడివిడిగా కనిపిస్తోంది, ఇంకా కలవడం లేదు. కలవనివ్వడం లేదంటే నిజం. అప్పుడు మాస్టారు నన్ను ఓదార్చాలనుకున్నారు.

"నువ్వు బాధపడకమ్మా. ఆయన మమ్మల్ని క్షమించేశాడు. నాజిక్ ఊయల పాట ఎత్తుకుంది చూడు, అప్పుడు లేచి నిలబడ్డాడు! ఎవరెంత బాగా పాడినా కుర్చీలోంచి కదలని మనిషి. నేను చూసి పొంగిపోయి ఇంకా జోరుగా వాయించాను."

"తాడు తెగగానే లేచారు. అంతేగా?"

"కాదమ్మా. అంతకు ముందే. నాజిక్ ఊయల ఎక్కి రెండో చరణం అందుకున్నప్పుడు."

గిన్నె బల్ల మీద పెట్టాను. తాడు తెగుతుందని ముందే తెలిసిన మనిషే అలా లేస్తాడు.

నిన్న రాత్రి మామగారు ఇంటికి ఉత్త చేతుల్తో వచ్చారు. నేను కోడలిగా వచ్చినప్పట్నుంచి, ఎక్కడ మాంసం తిన్నా తన వంతులోంచి ఇంటికి పొట్లం తేకుండా ఆ మనిషి గడప దాటలేదు. నా మొగుడు పోయిన ఏడు, నేను తిండి మానేసిన రోజుల్లో, పొట్లం విప్పి నా ముందు పెట్టి నేను తినేదాకా గోడ వంక తిరిగి కూర్చునేవారు. నిన్న పొట్లం లేదేమని నేను అడగలేదు. నాజిక్ గొడవలో మరిచిపోయుంటారనుకున్నాను. పొద్దున టీ ఇస్తే గిన్నె అందుకున్నారు గాని తాగలేదు. డిటెక్టివ్‌నట నేను! ఊళ్లో అందరి ఇళ్లలోకీ తొంగిచూస్తాను, నా ఇంట్లో గిన్నె వంక చూడలేదు.

తలకొట్టేసినట్టయింది. నేరస్థుడు దొరికినప్పుడు నాకెప్పుడూ కలిగే ఉత్సాహం ఒక్క పిసరు కూడా లేదు. లేచి నిలబడ్డాను.

"ఎక్కడికమ్మా?" అన్నారు మాస్టారు.

"మీ ఇద్దరూ నాతో రండి. ఇప్పుడు నాకు చెప్పింది కెప్టెన్‌కి చెప్పాలి. తుంటి ఎముకతో సహా."

బయట బండి హారన్ వినిపించింది.

హాలు తలుపుల ముందున్న వరండాలో అందరూ ఉన్నారు. ఉలార్‌బెక్, ఇద్దరు కానిస్టేబుళ్లు, మధ్యలో ఐజిరెక్. మెట్ల దగ్గర తోక్తోబుబు దారికి అడ్డంగా, చేతిలో కోడలి కోటు పట్టుకుని నిలబడి ఉంది. చలికి తీసుకొచ్చిందో, తీసుకుపోవడానికి వచ్చిందో ఆవిడకే తెలియాలి.

"ఆ పిల్లని వదిలెయ్, ఉలార్‌బెక్" అన్నాను.

"మళ్లీ ఏమిటక్కా?"

మాస్టారూ సాగినూ తడబడుతూ, ఒకరి మాట ఒకరు అందుకుంటూ చెప్పేశారు. పెద్దాయన విందులో లేకపోవడం, బస్తాలు ఎత్తకపోవడం, ఆయన లేచి నిలబడటం. చెప్పినంతసేపూ నేల చూపులే. ఉలార్‌బెక్ మొహంలో వెటకారం కొద్దికొద్దిగా ఇంకిపోయింది. అతనేమీ మందబుద్ధి కాదు. విషయం ఎటు పోతోందో గ్రహించగానే నా వైపు తిరిగి గొంతు తగ్గించాడు.

"అక్కా, వీళ్లు చెప్పింది ఆయన విందులో లేడని మాత్రమే. దాంతో నేను నిందితుణ్ని మార్చలేను. తాడు ఫలానా మనిషి కోశాడని, ఎందుకు అంటున్నారో చెప్పి, ఎవరో ఒకరు పేరు పెట్టి ఫిర్యాదు ఇవ్వాలి." ఫోను తీసి రికార్డు నొక్కాడు. "చెప్పండి. ఎవరు?"

"మా మామగారు."

"మామగారు అనే పేరుతో నా కాగితాల్లో మనిషి లేడక్కా. మీరే నేర్పారు, పేరు లేని నివేదిక చెత్తబుట్టకేనని." ఆగాడు. తర్వాతి మాట నన్ను దెప్పడానికి అన్నాడో, కాపాడటానికి అన్నాడో ఈ రోజుకీ తెలియదు. "కోడలి నోట మామ పేరు రాదు. అది అందరికీ తెలుసు. మీరు చెప్పకపోతే ఎవరూ తప్పు పట్టరు. ఇంటికెళ్లండి. నేను ఈ పిల్లని తీసుకెళ్తాను, విచారణలో ఎప్పటికో నిజం అదే తేలుతుంది."

నిజమే, ఎవరూ తప్పు పట్టరు. మా ఆడవాళ్లం అత్తింట అడుగుపెట్టిన రోజే మామ పేరు, బావగార్ల పేర్లు నోట్లోంచి తీసేసుకుంటాం. ఆఫీసు కాగితాల మీద మామ పేరు చదవాల్సొచ్చినా నా మొగుడే నా తరఫున చదివేవాడు. అక్కడున్న ఒక్కొక్కరి మొహం చూశాను. 'చెప్పకు' అని అందరి మొహాల మీదా రాసి ఉంది. నా లోపలా అదే ఉంది. చెప్పకపోతే అది సంస్కారం. చెబితే నేను ఇక ఆ ఇంట్లో ఏ మొహం పెట్టుకుని టీ పొయ్యాలి?

ఐజిరెక్ నన్నే చూస్తోంది. తల అడ్డంగా ఊపింది, చెప్పొద్దన్నట్టు. ఇరవై నిండిందో లేదో, నా ఇంటి పరువు కోసం తన బతుకు పారేసుకోవడానికి సిద్ధపడి నిలబడింది. దాని కన్నా నాకు సిగ్గుచేటు ఇంకేం కావాలి?

నోరు తెరిచాను. 

"ఇమానాలీ" అన్నాను. "ఇమానాలీ దుయ్‌షెయేవ్. ఊయల తాడు కోసింది ఆయనే. తనను ఇంట్లో కూర్చోబెట్టబోతున్నారని తెలిసి, ఈ నాటకం ఆగిపోవాలని కోశారు. నేను ఆయన కోడల్ని, సాదత్‌ని. ఈ ఫిర్యాదు నాది."

తోక్తోబుబు 'అయ్యో' అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.  నా వెనకాల హాలు తలుపు తెరుచుకుంది.

మామగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. నా వంక చూడలేదు. ఉలార్‌బెక్ దగ్గరికి నడిచి, జేబులోంచి మాంసం కోసుకునే మడత కత్తి తీసి కిటికీ గట్టు మీద పెట్టారు.

"కోడలు సరిగ్గానే చెప్పింది. సగమే కోశాను. బస్తాలు పెట్టగానే తెగుతుంది, నాటకం వాయిదా పడుతుంది, అంతవరకే అనుకున్నాను. చపాన్ ఇంకో నెల ఆగుతుందనుకున్నాను." గొంతు మామూలుగానే ఉంది, తప్పు పాడినవాళ్లకి సరిచేస్తున్నప్పటిలా. "ఈ పిల్ల షోర్వా తెచ్చింది. నా చేతిలో కత్తి చూసింది. 'వేడిగా ఉంది, తాగండి తాతా' అంది. వెళ్లిపొమ్మన్నాను."

"బస్తాలు పెట్టలేదని తెలిశాక ఎందుకు ఆపలేదండీ?" ఉలార్‌బెక్ మెల్లిగా అడిగాడు. అతను ఒక నేరస్థుణ్ని 'అండీ' అనడం నేను వినడం అదే మొదలు.

"ఆపుదామనే లేచాను. 'దిగు' అంటే ఎందుకని అడుగుతారుగా? అందరి ముందూ ఏం చెప్పను? మాట గొంతులోనే ఉండిపోయింది." అప్పుడు ఆయన మొదటిసారి తడబడ్డారు. "నాజిక్ నన్ను చూసింది. లేచి నిలబడ్డానుగా, నేను మెచ్చుకున్నాననుకుంది. నన్ను చూసి నవ్వింది. నవ్వి, ఇంకా ఎత్తుకి ఊగింది."

తెమిర్‌కాన్ మాస్టారు గోడకి ఆనుకుని అలాగే కిందికి జారిపోయారు.

ఉలార్‌బెక్ ఫోను ఆపేసి, ఐజిరెక్ పక్కనున్న కానిస్టేబుళ్లకి సైగ చేశాడు. వాళ్లు తప్పుకున్నారు. తోక్తోబుబు ఒక్క మాట మాట్లాడకుండా వచ్చి కోడలికి కోటు తొడిగి, బొత్తాలు కూడా తనే పెట్టింది. ఇద్దరూ మెట్ల వైపు కదిలారు. దారిలో మామగారు ఉన్నారు.

ఐజిరెక్ ఆయన ముందు ఆగింది. కావాలని ఆగిందో, కొత్త కోడలి కాళ్లకి అలవాటై ఆగిందో తెలియదు. పెద్దల ముందు నుంచి వెళ్లేటప్పుడు కోడళ్లు వంగినట్టే, రెండు చేతులూ ముందుకు కట్టుకుని నడుం వంచింది. వంగిన కోడల్ని 'నిండు నూరేళ్లు బతుకు తల్లీ' అని పెద్దవాళ్లు దీవించాలి. ఆ మాట అనేదాకా ఆ పిల్ల లేవదు.

మామగారి పెదవులు కదిలాయి. ఆ పిల్ల వంగే ఉంది. అందరం చూస్తూ నిలబడ్డాం. ఆయన నోట ఆ మాట రాలేదు.